తాడు పట్టిన చెయ్యి

మొన్న వర్ని వైపు నుంచి వచ్చిన మూత్రం డబ్బాల్లో ఒకటి తెల్లగా ఉంది. మా ల్యాబులో డబ్బాలు దిగగానే మూత చూస్తాం, చీటీ చూస్తాం, రంగు చూస్తాం, ఆ తర్వాతే అరలో పెడతాం. మూత సరిగ్గా ఉంది. చీటీ సరిగ్గా ఉంది. లోపల మాత్రం పలుచని పాలు పోసినట్టుంది. పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఎవడో పరాచికానికి పాలు పోసి పంపిండు సార్" అంది. పారబోయడానికి సింకు వైపు నడుస్తుంటే వద్దని ఆపాను.

అప్పుడే నా ఎడమ దవడ, చెవి కింద, కలుక్కుమంది. అక్కడ ఎముక అతుక్కుని చాలా కాలమైంది. నొప్పి ఉండడానికి కారణమేమీ లేదు. కానీ తెల్లటి మూత్రం కనబడితే చాలు, ఆ దవడ దాన్ని విరగ్గొట్టిన మనిషిని గుర్తుచేస్తుంది.

ఆయన పోయి ఏడాది కావొస్తోంది. వానాకాలంలో, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, మళ్లీ లేవలేదట. ఆ ఊరి ఆశా కార్యకర్త, నేను ఆశక్క అని పిలిచే ఆమె, ఫోన్ చేసి చెప్పింది. "పహిల్వాన్ ఎవల్నీ కొట్టకుండనే పోయిండు తమ్మీ." ఆ ఊళ్లో అంతకన్నా వింత చావు ఇంకొకటి ఉండదు.

ఊరు బోధన్ దాటాక, మంజీర ఒడ్డున. చుట్టూ చెరకు, వరి. మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు వెళ్లిన రోజుల్లో ఆయన అక్కడ మోపులు దించేవాడు. ఆయన పేరు రేషన్ కార్డులో ఉండే ఉంటుంది. ఊరికి మాత్రం ఆయన పహిల్వాన్.

మాట్లాడేది తక్కువ. మిగతాదంతా చేతులతోనే. నేను చూసినంతలో ఆయన దెబ్బల్లో చాలా రకాలున్నాయి. అరచేత్తో వీపు మీద వేస్తే అది పలకరింపు. తిన్నవాడు ముందుకు తూలాలి, తూలుతూ నవ్వాలి. వేళ్ల వెనక భాగంతో మెడ మీద తగిలిస్తే, నీ మాట నమ్మలేదని. బోరింగు నీళ్లివ్వకపోతే దాని నెత్తిన పిడికిలి. ఇంటి తలుపును చేత్తో తీయగా నేను చూడలేదు; మోకాలితో తన్నేవాడు. దాని కింది పలక ఎప్పుడో ఊడిపోయింది, ఆ సందులోంచి కోళ్లు లోపలికీ బయటికీ తిరిగేవి. గూట్లో పగిలిన టీవీ ఉండేది. ఏమైందని అడిగితే, "ఎదురు మాట్లాడింది" అన్నాడు. ఆయన వాకిట్లో కుక్క పడుకునేది కాదు. చిన్న పిల్లలు దగ్గరికి వస్తే మాత్రం రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని, వాళ్లు వెళ్లేదాకా అలాగే నిలబడేవాడు. తన చేతుల్ని తానే నమ్మని మనిషి.

ఆయన తరచుగా అనే మాట ఒకటుంది. "కొట్టినోడు మర్సిపోతడు. తిన్నోడు మర్వడు. గందుకే నేను తిన."

ఆ ఊళ్లో హోలీనాడు రంగులు పొద్దున్నే అయిపోతాయి. సాయంత్రం పిడిగుద్దులాట. వీధి మధ్యలో లావుపాటి తాడు కడతారు. మగవాళ్లు రెండు జట్లుగా తాడుకు అటూ ఇటూ నిలబడతారు. ఎడమ చెయ్యి తాడు మీద ఉండాలి, వదలకూడదు. కుడి చేత్తో ఎదుటివాణ్ని గుద్దాలి. తన్నకూడదు. పడ్డవాణ్ని కొట్టకూడదు. చెయ్యి అడ్డం పెట్టకూడదు. డప్పులు ఆగితే ఆట ఆగుతుంది. ఆ తర్వాత ముందురోజు కాల్చిన కాముడి బూడిద తెచ్చి, దెబ్బ తగిలిన చోట రాసుకుంటారు. బూడిద రాశారంటే ఆ దెబ్బ అక్కడితో తీరిపోయినట్టే. దాని గురించి మళ్లీ ఎవరూ నోరెత్తరు. ఒక్క ఏడు ఆట తప్పినా ఊరికి కీడని వాళ్ల నమ్మకం. పహిల్వాన్ తాడు మధ్యలో నిలబడేవాడు. ఆయన ఎదురుగా నిలబడ్డవాడి పేరు ఏడాదంతా ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

నాకు ఆ ఊరితో పని పడింది కూడా నెత్తురు వల్లే. అక్కడ బోదకాలు ఉంది. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి కాబట్టి, వెనకటికి ఆరోగ్యశాఖ వాళ్లు చీకటి పడ్డాక వెళ్లి వేలి నుంచి చుక్క అడిగారు. ఊరు ఇవ్వలేదు. హోలీనాడు తాడు కింద పడే నెత్తురు ఊరిది. దాన్ని సూదితో తీసి ఊరు దాటిస్తామంటే ఎట్లా? వచ్చిన జీపు అద్దాలు పగిలాయి. పగలగొట్టింది ఎవరో చెప్పాల్సిన పని లేదు.

మా పరీక్ష వేరు. పురుగు ఒంట్లో ఉంటే దాని డీఎన్ఏ తునకలు మూత్రంలోకి కూడా దిగుతాయి. వాటిని పట్టుకుని, గొట్టంలో వేసి, వేడి మీద లక్షల రెట్లు పెంచుతాం. పురుగు లేకపోతే గొట్టంలోని మందు గులాబీగా ఉండిపోతుంది. ఉంటే పసుపు రంగుకు తిరుగుతుంది. సూది లేదు, రాత్రి లేదు, నెత్తురు లేదు. పట్టపగలు ఒక డబ్బా మూత్రం చాలు.

ఊరు నవ్వి ఒప్పుకుంది. బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. ఆశక్క డబ్బాలు పంచుతూ, "మూతదాక పొయ్యకున్రి, నేనేం పండుగకు ఒండుకుంటలేను" అని అరుస్తోంది.

"కల్లు తాగినోని ఉచ్చల నీకేం దొర్కుతది సార్, ఇంత కల్లే దొర్కుతది" అన్నాడు ఒకడు.

"దొర్కితె నాగ్గూడ ఇంత పొయ్యి" అన్నాడు ఇంకొకడు.

ఆ నవ్వుల మధ్య పహిల్వాన్ వచ్చాడు. వెడల్పాటి భుజాలు, కానీ వాటి మీద కండ లేదు. చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. నా ముందు నిలబడి చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ఏం డాక్టరూ, నెత్తురు తీస్కో. ఎంత గావాల్నో గంత తీస్కో."

ఆశక్క నోరు వెళ్లబెట్టి, "జీపు పలగ్గొట్టింది నువ్వే గదా మామా?" అంది.

"గప్పుడు ఇయ్యబుద్ది గాలె. ఇయ్యాల ఇస్తున్న. తియ్యి."

"పెద్దబాపూ, నాకు రక్తం వద్దు" అన్నాను. "అందరిలాగే ఈ డబ్బాలో ఇంత మూత్రం పోసిస్తే చాలు."

"నెత్తురు తీస్కొమ్మంటున్న."

"మా పరీక్ష మూత్రంతోనే పెద్దబాపూ." డబ్బా ఆయన చేతిలో పెట్టబోయాను.

దెబ్బ చప్పుడు ముందు విన్నాను, తగలడం తర్వాత తెలిసింది. బల్ల, నేను, ఐస్ పెట్టె కలిసి కింద పడ్డాం. డబ్బాలు దొర్లాయి; మూతలు ఊడిన వాటిలోంచి మూత్రం వరండా బండల మీద పారింది. నోట్లో ఏదో ఉప్పగా నిండింది. కింద పడి ఉన్న నాకు కళ్లెదురుగా ఆయన పాదాలు కనబడ్డాయి. ఎడమ చీలమండ లేదు; పిక్క నుంచి పాదం దాకా ఒకే లావు, చర్మం ఏనుగు తోలులా గరుకు. తలెత్తి చూస్తే ఆయన నన్ను చూడటం లేదు. బండల మీద పారుతున్న ఊరివాళ్ల మూత్రాన్ని చూస్తున్నాడు. అందరిదీ పచ్చగా ఉంది. ఆకలితో ఉన్నవాడు పక్కవాడి విస్తరిని చూసినట్టు చూశాడు. ఆ తర్వాత తలుపులేని వరండాలో కూడా మోకాలెత్తి గాలిని తన్నుకుంటూ వెళ్లిపోయాడు.

నిజామాబాద్‌లో దవడకు తీగెలు కట్టారు. జావ తాగుతూ మంచం మీద పడి ఉన్న రోజుల్లో నన్ను పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. ఊరంతా రక్తం ఇవ్వనని మూత్రం ఇచ్చింది. ఈయనొక్కడు మూత్రం ఇవ్వనని రక్తం ఇస్తానన్నాడు. ఎందుకు? పోలీసు కేసు పెట్టమన్నవాళ్లకు తర్వాత చూద్దామన్నాను.

తీగెలు తీశాక మళ్లీ వెళితే ఆశక్క నన్ను చూసి నుదురు కొట్టుకుంది.

"నీకు పానం మీద తీపి లేదా తమ్మీ? మామకు నీ మొకం సూపియ్యకు." గొంతు తగ్గించింది. "అయినా ఆయన ఎన్ని దినాలుంటడు? ఏం తిన్నా ఒంటికి పడ్తలేదు. గిట్లనే పోతె వచ్చే హోలీకి తాడు పట్టేతందుకు మనిషుండడు."

"దవాఖానకు పోడా?"

"ఎద్దును తోల్కపోతం గని ఆయన్ను ఎవడు తోల్కపోతడు?" అని, ఊరి చివర పాక వైపు చెయ్యి చూపింది. "ఆయన్ను అడిగితె పండ్లు రాల్తయి. గా అవ్వను అడుగు."

ఆ పాకలో ఉండేది ఆయన భార్య. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆయన వెళ్లగొట్టాడు. తోబుట్టువు ఇచ్చిన ఆ పాకలో అప్పటి నుంచి బర్రెను పెట్టుకుని బతుకుతోంది. మేం వెళ్లేసరికి పాలు పితుకుతోంది, కుడి చేత్తో. ఎడమ మణికట్టు బయటికి వంకర తిరిగి ఉంది. విరిగాక సరిగ్గా కట్టని ఎముక. ఆ చేత్తో తప్పేలాను మోకాళ్ల మధ్య ఆనించి పట్టుకుంది.

ఆశక్క నన్ను పరిచయం చేసి, ఎందుకొచ్చానో చెప్పింది.

"గా ముసలోడు ఇంక సావలేదా?" అంది ఆమె, తల తిప్పకుండా.

"వచ్చే హోలీ దాక ఉండడేమో అవ్వా" అన్నాను. "ఏం రోగమో తెలిస్తే మందిస్తాను. మూత్రం అడిగితే కొట్టాడు."

పితికే చెయ్యి ఆగింది.

"ఎట్లిస్తడు? తెల్లగ పోతది ఆయనకు. పెండ్లయిన కొత్తల నేనే సూసిన." తప్పేలా కొంచెం వంచి, పక్కన పారుతున్న మోరీలోకి ఇన్ని పాలు వదిలింది. నీళ్లలో పాలు పొగలా విచ్చుకున్నాయి. "గిట్ల."

బోధన్ తాలీంలో ఆయనకు కుస్తీ నేర్పిన ఉస్తాద్ ఒకడుండేవాడట. మూత్రం తెల్లగా పోతోందంటే ఒంట్లో సత్తువ, తాకత్, కారిపోతున్నట్టేనని, పెళ్లాం పక్కన పడుకునేవాడి కండ అలాగే కరుగుతుందని చెప్పాడట. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి ఆమె చెయ్యి విరిచాడు.

"'నా తాకత్ తాగుతున్నవే నువ్వు' అన్నడు. నేనేమన్న దయ్యాన్నా బిడ్డా? తెల్లారి గుంజకచ్చి బజార్ల పడేసిండు. ఊరోళ్లు అడిగితె గొడ్రాలని చెప్పిండు." మళ్లీ పితకడం మొదలుపెట్టింది. "పక్కల పండుకోనియ్యకపోతె పిల్లలు చెట్టుకు కాస్తరా?"

అప్పుడు నాకు అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఎడమ కాలు. కరిగిపోతున్న ఒళ్లు. బండల మీద పచ్చటి మూత్రాన్ని చూసిన చూపు. బోదకాలు పురుగు కొందరిలో కాలుతో ఆగదు. ఒంట్లో కొవ్వును మోసే సన్నని నాళాలుంటాయి; పురుగు వాటిని మూసేస్తుంది, అవి ఉబ్బి మూత్రం దారిలోకి పగులుతాయి. తిన్న కొవ్వు రక్తంలో కలవకుండా మూత్రంలో పోతుంది. అదే ఆ తెలుపు. ఆయన వయసులో ఉన్నప్పటి నుంచి తన మగతనం కారిపోతోందని నమ్ముతూ, అది ఇంకా ఉందని చూపించడానికి ఎదురొచ్చిన ప్రతిదాన్నీ గుద్దుతూ వచ్చాడు. ఇప్పుడు నిజంగానే చస్తున్నాడు, ఆ డబ్బా చేతికివ్వడానికి సిగ్గుపడి.

మర్నాడు ఆయన చెరకు తోటలో బర్రెలకు ఆకు కోస్తున్నాడు. కొడవలి ఆపకుండానే, "రెండో దవడ పట్టుకచ్చినవా?" అన్నాడు.

"పెద్దబాపూ, మీకు మూత్రం తెల్లగా పోతుంది."

ఎప్పుడు దగ్గరికొచ్చాడో చూడలేదు. కాలరు పట్టి నన్ను వెనక్కి తోశాడు; చెరకు గడలు విరిగి వీపు కింద పడ్డాయి, ఆకులు ముఖాన్ని కోశాయి. మోకాలు నా గుండె మీద ఉంది. కొడవలి వంపు సరిగ్గా చెవి కింద ఆనింది, అతుక్కున్న ఎముక దగ్గర.

"ఎవడు చెప్పిండు?"

"మీ కాలే చెప్పింది."

"గా మాట నీ నోట్లకెల్లి ఇంకోపారి అచ్చిందనుకో, తలకాయ గీడనే గడల్ల కలుస్తది."

ఊపిరి సరిగ్గా అందడం లేదు. చెప్పదలుచుకున్నవన్నీ, పురుగు, నాళాలు, కొవ్వు, ఒక వరసలో పెట్టుకుని వచ్చాను. ఒక్కటీ గుర్తు రాలేదు. నోట్లోంచి వచ్చింది ఇది:

"ఆడవాళ్లకు కూడా పోతుంది పెద్దబాపూ."

కొడవలి కదల్లేదు. మోకాలు కూడా.

"ఏందీ?"

"ఆడవాళ్లకూ ఇట్లాగే తెల్లగా పోతుంది. ఇందల్వాయి నుంచి ఒకావిడ మా దగ్గరికి వచ్చింది. పిల్లల తల్లి. అచ్చం పాలే. ఆమెకు మగ తాకత్ ఎక్కడిది? అది కారిపోవడమేంటి?"

ఆయన కళ్లు నా ముఖం మీద అటూ ఇటూ వెతికాయి. అబద్ధాన్ని వెతికి పట్టుకుని కోసేద్దామన్నట్టు చూశాడు. దొరకలేదు. గుండె మీద బరువు మెల్లగా లేచింది.

"ఆమె మొగడు ఏమన్నడు?"

"ఏమంటాడు? ఆటోలో తీసుకొచ్చాడు. పరీక్ష అయ్యేదాకా బయట కూర్చున్నాడు."

ఆయన కొడవలిని నేలలో గుచ్చాడు. చెయ్యి చాచాడు. డబ్బా ఇచ్చాను. గడల వెనక్కి వెళ్లాడు. తిరిగొచ్చి దాన్ని నా రొమ్ముకేసి కొట్టినంత పని చేశాడు. మూత మాత్రం గట్టిగా, సరిగ్గా బిగించి ఉంది. డబ్బా వెచ్చగా, తెల్లగా ఉంది.

ల్యాబులో మూడు గొట్టాలు పెట్టాను: ఆయనది, రోగం ఉందని ముందే తెలిసిన ఒకరిది, ఉత్త నీళ్లది. నీళ్లది గులాబీగానే ఉండిపోయింది. తెలిసినది పసుపైంది. ఆయనది దానికన్నా ముందే తిరిగింది, మార్కెట్ యార్డులో కొత్త పసుపు కుప్పలా. పురుగు ఉందని తేలితే సంతోషపడటం మా పనిలో మర్యాద కాదు. నేను పడ్డాను.

చెప్పడానికి వెళ్లిన రోజు ఆయన తింటున్నాడు. హోలీ దగ్గర పడుతోంది. తాడు పట్టే ప్రతివాడూ ఆ రోజుల్లో ఒంటికి సత్తువ పట్టించుకుంటాడు. ఆయన ముందు గిన్నెలో అన్నం కనబడనంత నెయ్యి, చెంబు నిండా పాలు, ఇంకో గిన్నెలో మేక మాంసం, నానేసిన బాదం.

"ఇది ఎప్పటి నుంచి తింటున్నారు?"

"తాకత్ పోయినకాడికెల్లి. పోయిందాన్ని నింపుకోవద్దా?"

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. "పెద్దబాపూ, పోతున్నది ఈ నెయ్యే. మీరెంత తింటే అంత తెల్లగా పోతుంది. హోలీ ముందు ఇంకా తెల్లగా పోతుందా?"

ఆయన ముద్ద గిన్నెలో వదిలేశాడు. పోతుందని ఆ చెయ్యే చెప్పింది.

"అయితె ఉస్తాద్ అబద్దమాడిండంటవా?"

"తెలియక చెప్పి ఉంటాడు."

పిడికిలి లేచింది. నా తల పక్కనున్న గుంజ మీద పడింది. పైకప్పు నుంచి దుమ్ము రాలి నెయ్యిలో పడింది. "ఉస్తాద్‌ను అనకు." తర్వాత, కొంచెం తగ్గి, "ఇప్పుడేమంటవ్?" అన్నాడు.

మాత్రలిచ్చాను. మందూ తిండీ విడివిడిగా చెప్పాను: మాత్రలు పురుగుకు, తిండి తెలుపుకు. నెయ్యి, పాలు, మాంసం కొన్నాళ్లు బంద్. పప్పు, జొన్నరొట్టె, కోడిగుడ్డులో తెల్లసొన తినొచ్చు.

"హోలీ ముంగట నెయ్యి ఇడ్సి జొన్నరొట్టె తినాల్నా? తాడు కాడ నన్ను పీనుగను జెయ్యాలని ఎవడన్న నీకు పైసలిచ్చిండా?" అని, వేలు నా దవడకు గురిపెట్టాడు. "తెలుపు తగ్గకపోతె ఈ హోలీకి నా ముంగట తాడు నువ్వే పట్టాలె. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. నా దవడను అడగకుండా ఒప్పుకున్నాను.

హోలీకి ముందురోజు పొద్దున ఆశక్కతో కబురు పంపాడు. వెళ్లేసరికి ప్రహరీ గోడ మీద డబ్బా పెట్టి, దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఎండ డబ్బాలోంచి దూరి అవతల గోడ మీద పడుతోంది. లోపల పచ్చగా, తేటగా ఉంది. అవతల పెట్టిన అగ్గిపెట్టె మీది బొమ్మ కూడా కనబడుతోంది. అంతదాకా పెట్టి చూసుకున్నాడు.

నేను సంతోషం ప్రకటించబోయాను. ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

"అంటె అది తాకత్ గాదు."

"కాదు."

"ఉత్త నెయ్యి."

"అవును పెద్దబాపూ."

"ఆమె తాగలె."

ఆ మాట ప్రశ్నలా లేదు. అయినా, "లేదు" అన్నాను.

లేచాడు. గోడ దగ్గరికి వెళ్లి కుడి పిడికిలితో గుద్దాడు. మళ్లీ గుద్దాడు. మట్టి పెళ్లలు రాలాయి, రాయి బయటపడింది, రాయినే గుద్దాడు. ఆశక్క "మామా, మామా" అని అరుస్తూ చెయ్యి పట్టుకోబోతే ఆమెను పక్కకు నెట్టాడు. కణుపుల చర్మం లేచిపోయి గోడ మీద ఎర్రటి మరకలు పడ్డాయి. తాడు కింద తప్ప ఇంకెక్కడా పడని నెత్తురు.

హోలీ సాయంత్రం వీధిలో తాడు కట్టారు. డప్పులు మొదలయ్యాయి. జట్లు నిలబడ్డాయి, మధ్యలో పహిల్వాన్ చోటు ఖాళీగా ఉంచారు. ఆయన వచ్చాడు, చేతికి గుడ్డ చుట్టుకుని. తాడును ఒకసారి ముట్టి కళ్లకద్దుకుని, దాని కింద నుంచి వంగి అవతలికి దాటాడు. ఆగలేదు. ఊరి చివరికి నడిచాడు. మొదటి గుద్దులు పడుతున్న చప్పుడు మా వెనక వినబడుతుండగా నేనూ ఆశక్కా ఆయన వెంట వెళ్లాం.

ఆమె పాలు పితుకుతోంది. బర్రె పలుపు ఒక కొస దాని మెడకు, ఇంకో కొస గుంజకు కట్టి ఉంది. ఆయన ఎడమ చేత్తో ఆ పలుపు పట్టుకున్నాడు. కుడిచెయ్యి వెనక్కి పెట్టి నడుము దగ్గర ధోవతిలో దోపుకున్నాడు.

"అది తాకత్ గాదట" అన్నాడు. "రోగమట. నువ్వు తాగలె. కొట్టు."

ఆమె ఒకసారి చూసి, మళ్లీ పొదుగు వైపు తిరిగింది.

"ఏం, ఇయ్యాల తాడు కాడ నీకెవలు దొర్కలేదా?"

"కొట్టుమంటున్న."

"నువ్వు పొమ్మంటె పోవాలె. నువ్వు కొట్టుమంటె కొట్టాలె. గప్పుడూ నీ మాటే, గిప్పుడూ నీ మాటేనా?"

ఆయన పలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పితకడం పూర్తి చేసింది. తప్పేలా తీసుకెళ్లి పాకలో పెట్టి మూత వేసింది. చెయ్యి కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది. అప్పుడు, తనకు తీరుబాటు దొరికాక, వచ్చి కొట్టింది.

కుడి చేత్తో, మూసిన పిడికిలితో, నోటి మీద. ఆయన తల పక్కకు తిరిగి మళ్లీ ఎదురుగా వచ్చింది. మళ్లీ కొట్టింది. చెంప మీద, ముక్కు మీద, ఎదురు రొమ్ము మీద. మాట లేదు, ఏడుపు లేదు; ఉతికే బట్టను బండకేసి బాదినట్టు. బర్రె బెదిరి పలుపు గుంజింది. ఆయన ఊగాడు గానీ వదల్లేదు, దోపిన చెయ్యి బయటికి రాలేదు. పెదవి చీలి నెత్తురు గడ్డం మీద కారింది, పేడ నేల మీద చుక్కలు పడ్డాయి. చివరికి ఎడమ చెయ్యి, ఆ వంకర చెయ్యి ఎత్తింది. దానికి పిడికిలి పడదు. వేళ్లు సగం తెరిచే, ఆ చేత్తోనే ముఖం మీద వేసింది. అది తగలగానే ఆయన నోట్లోంచి మూలుగు వచ్చింది, అంత వరకూ రానిది.

ఆమె ఆగింది. రొప్పుతోంది. ఆశక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. వీధిలో డప్పులు ఇంకా మోగుతున్నాయి.

ఆయన ముఖం ముందుకు చాచాడు. ఎందుకో అక్కడున్న అందరికీ తెలుసు. ఆట అయ్యాక రావలసింది బూడిద.

ఆమె లోపలికి వెళ్లింది. పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చింది. ఆయన ఎదురుగా, అంతకుముందు కొట్టిన దూరంలోనే నిలబడింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆమె ఆ బూడిదను తన ఎడమ మణికట్టు మీద పోసుకుని, విరిగి అతికిన ఆ బుడిపె చుట్టూ, పైనా కిందా, ఎక్కడా వదలకుండా మెల్లగా రాసుకుంది. రాయడం అయ్యాక చేతులు దులుపుకుని పాకలోకి పోయి తలుపేసుకుంది.

ఆయన కళ్లు తెరిచి, మూసిన తలుపు చూశాడు. ఎడమ చెయ్యి మాత్రం డప్పులు ఆగేదాకా పలుపు వదల్లేదు.